గడప దాటని పెరుగు

నేను ఒక పెరుగు డబ్బాని. తెల్లటి ఒళ్ళు, నీలం మూత, కిలో పెరుగు పట్టే కడుపు. ఎక్కడో ఊరి బయట కార్ఖానాలో ప్లాస్టిక్ పూసల్ని కరిగించి నన్ను పోతపోశారు. తర్వాత డెయిరీలో నాలో గోరువెచ్చటి పాలు పోసి, తోడు వేసి, వెచ్చని గదిలో ఉంచారు. ఆ పాలు మెల్లగా గట్టిపడుతుంటే నా లోపల ప్రాణమేదో కుదురుకుంటున్నట్టు అనిపించింది. ఎవరి అన్నంలోనో కలవడానికే పుట్టానని నమ్మాను.

విశాఖపట్నంలో ఒక సూపర్ మార్కెట్లో ఆ నమ్మకానికి మొదటి దెబ్బ తగిలింది. నన్ను ఇంకో డబ్బాతో జోడించి టేపు చుట్టారు. నా నుదుటి మీద ‘ఉచితం’ అని ఎర్ర కాగితం అతికించారు. ఆ మాట కనబడగానే మనుషుల కళ్ళు మెరిసేవి. నాకు మాత్రం ‘అక్కరలేనిది’ అన్నట్టే వినిపించేది.

హైమవతి మమ్మల్ని అందుకుంది. పక్కనున్న భర్త నసిగాడు.

“ఇద్దరమే కదా ఉన్నాం. నాకసలు పెరుగు పడదు. రెండెందుకు?”

“ఒకటి ఊరికే వస్తోందండీ.”

“ఊరికే వస్తానంటే మా అన్నయ్యని మాత్రం రానివ్వవు!”

“మీ అన్నయ్యని ఫ్రిజ్‌లో పెట్టలేం కదా,” అంది ఆమె నవ్వుతూ. నన్ను బుట్టలో వేసింది.

ఆ ఇంట్లో ముందు నా కవల సీలు కోశారు. నన్ను ఫ్రిజ్ లోపల వెనక గోడకి ఆనించి, ముందు జామ్ సీసాలు, వాడిపోయిన కొత్తిమీర, సగం కోసిన గుమ్మడికాయ పేర్చారు. ఆ చలిలో కూర్చుని హైమవతిని చదవడం తప్ప నాకు పని లేదు. ఆమె రోజూ ఫ్రిజ్ తీసి, ఏమీ తీసుకోకుండా కాసేపు చూసి మూసేది. చిన్నప్పుడు చుట్టాలు వస్తే పెరుగు కోసం గిన్నె పట్టుకుని వీధంతా తిరిగేదట. ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను. నిండిన అరలు చూస్తేగాని ఆ పిల్ల ఆమెలో నిద్రపోదు. నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడా లేదు.

ఒక సాయంత్రం ఆమె మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచేసరికి బెల్ మోగింది. ఫ్రిజ్‌కి ఎదురుగానే వీధి తలుపు. ఫ్రిజ్ అలాగే వదిలేసి వెళ్ళి తలుపు తీసింది. బయట వాచ్‌మన్ అప్పలసూరి.

“అమ్మగోరూ, రవ్వంత పెరుగుంటే ఇత్తారేటండి? మా పైడితల్లికి నెల తప్పిన కాడ్నించి ఏటి తిన్నా కక్కేత్తంది. రెండ్రోజులై కడుపులో ఏటీ నిలబడ్నేదు. పెరుగన్నమైతే ఉంటాదంటంది.”

“అయ్యో, ఇప్పుడే దీపం పెట్టానయ్యా. దీపాలు పెట్టాక పెరుగు గడప దాటిస్తే లక్ష్మి వెళ్ళిపోతుంది. పొద్దున్నే రా, ఇస్తాను.”

ఆమె అబద్ధమాడలేదు. నిజంగానే భయపడింది. నేను నోరులేని కడుపుతో, నిండా పెరుగుతో, వాళ్ళిద్దరినీ చూస్తూ ఉండిపోయాను.

తర్వాతి సంగతులు అప్పలసూరి, అతని పెళ్ళాం పైడితల్లి మాటల్లో చాలా రోజులకి తెలిశాయి. అప్పలసూరి అదే సూపర్ మార్కెట్‌కి వెళ్ళాడు. చిన్న కప్పు కావాలన్నాడు. చిన్నవి లేవు, జోడీలే ఉన్నాయి, విడదీసి అమ్మం అన్నారు. జోడీ కొనే డబ్బు అతని దగ్గర లేదు. గదికి వచ్చి, “ఆళ్ళింట్లో కూడా అయిపోనాదంట,” అన్నాడు పెళ్ళాంతో. ఆమె గంజి తాగింది, కక్కింది. తెల్లారేసరికి కళ్ళు తేలేస్తే పెద్దాసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. బతికింది, బిడ్డా నిలిచింది. హైమవతికి పొద్దున్న ఇస్తానన్న మాట గుర్తులేదు.

నాలోని పెరుగు పులిసింది, పొంగింది, మూతని పైకి తోసింది. కొత్త ఆఫర్ సరుకు వచ్చినప్పుడు చోటు కోసం నన్ను లాగి, ముక్కు మూసుకుని చెత్తబుట్టలో పడేశారు. అప్పుడూ దేవుడి గూట్లో దీపం వెలుగుతూనే ఉంది! చెంచాడు ఇస్తే వెళ్ళిపోయే లక్ష్మి, కిలో పారబోస్తే కదలకుండా కూర్చుంటుందా? అడుగుదామంటే నాకు నోరేదీ?

చెత్త కిందికి మోసేది అప్పలసూరే. నన్ను చూశాడు. విప్పని సీలుని వేలితో తడిమాడు, దాని మీది తేదీ తను పెరుగు అడిగిన నాటికి ముందుదే. పెరుగంతా కాలవలో పారబోసి, నన్ను బూడిదతో తోమి, గదిలో ఉప్పు పోసి పెట్టాడు. ఎక్కడిదని పైడితల్లి అడిగితే, “దొరికింది” అన్నాడు.

అక్కడ హాయిగానే ఉన్నాను. కొన్నాళ్ళకి నీళ్ళ మోటారు వేయమని చెప్పడానికి హైమవతి ఆ గదికి వచ్చింది. నా మీద సగం చిరిగి మిగిలిన ఎర్ర కాగితం చూసి మురిసిపోయింది.

“ఇది మా డబ్బానే! మూతైనా తీయకుండా పారేశాను, పాపం. పోనీలే, మీకు పనికొచ్చింది. మా ఇంట్లోంచి ఏదీ వృథా పోదమ్మా!”

ఆమె వెళ్ళాక పైడితల్లి మొగుడి వైపు తిరిగింది.

“నువ్వు పెరుగుకెల్లిన నాడు ఇది ఆళ్ళింట్లోనే ఉందేటి?”

అతను తలుపు దగ్గరగా వేశాడు.

“అయిపోనాదన్నావు!”

“ఊరుకోవే. గట్టిగా అంటే పని పోతాది.”

పైడితల్లి పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని లేచింది. ఉప్పంతా కాగితంలోకి ఒంపింది. నన్ను తీసుకెళ్ళి గేటు అవతల పెట్టి వచ్చింది.

ఇప్పుడు పాత ప్లాస్టిక్ కొనేవాడి గోనెలో, పగిలిన మగ్గుల మధ్య ఉన్నాను. ఇక్కడ నాలాంటి ఎర్ర కాగితాలు చాలా ఉన్నాయి. మళ్ళీ కరిగిస్తారట, మళ్ళీ డబ్బానే చేస్తారేమో. దాని సంగతి నాకు పట్టదు. ఒక్కటి మాత్రం మరిచిపోను. నన్ను పారేసినవాళ్ళలో, ఏం పారేస్తున్నదో తెలిసి పారేసింది పైడితల్లి ఒక్కతే.