మూడో రాడ్డు బుష్షు

నాంచారయ్య బావ షెడ్డు మధ్యలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉన్నాడు, ఎదురుగా ఆయన నీలం ఫియట్ ఇంజను విప్పి ఉంది, నాలుగు కనెక్టింగ్ రాడ్లూ పాత పేపరు మీద వరసగా ఉన్నాయి, ఆయన పోయి పదకొండేళ్లయిందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా నేను అడుగుతున్నది మాత్రం "టీ తాగావా బావా?" అని. ఇది మా ఆటోనగర్ షెడ్డే, కానీ గోడలు మా అక్క వంటింటి గోడలు, పోపు మరకలతో సహా, తలుపు ఉండాల్సిన చోట తలుపు లేదు, ఉత్త వెలుతురు ఉంది. ఎక్కడికెళ్లినా బయటపడే దారి ముందు చూసి పెట్టుకునే పిరికివాణ్ణి నేను, ఇక్కడ ఆ దారే కనపడటం లేదు.

"టీ సంగతి తర్వాత. చీపురుపుల్ల తీసుకురారా కొండలూ," అంటాడు బావ.

పుల్ల ఎందుకో నాకు బాగా తెలుసు. పిస్టన్ పిన్ను ఆడే చోట రాడ్డు తలలో కంచు బుష్షు ఉంటుంది, అరిగినదాన్ని పీకి కొత్తది బల్లకి బిగించిన వైసులో పెట్టి నొక్కి ఎక్కిస్తాం, రాడ్డుకో సన్న బెజ్జం, బుష్షుకో సన్న బెజ్జం, రెండూ ఎదురెదురుగా కుదిరితేనే పిన్నుకి ఆయిలు అందుతుంది, కాస్త పక్కకి తిరిగినా అందదు, అందకపోతే పిన్ను వేడెక్కి బిగుసుకుని ఇంజను పట్టేస్తుంది. కుదిరిందో లేదో చూడటానికి బావకి చీపురుపుల్లే కొలత. పైన బెజ్జంలో పెడితే లోపలికి దిగాలి. దిగకపోతే బుష్షు పీకి పారేసి ఇంకోటి ఎక్కించాలి.

తేవడానికి లేవకుండానే పుల్ల నా చేతిలో ఉంది. బావ అందుకుని మొదటి రాడ్డు ఎత్తి పెడతాడు, దిగుతుంది, రెండోది ఎత్తుతాడు, అదీ దిగుతుంది, బతికున్నప్పుడు ఏ పనికీ తొందరపడని మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు పడతాడు, గుడ్డతో వేళ్లు తుడుచుకుని నింపాదిగా మూడోదాని మీదికి చెయ్యి పోనిస్తున్నాడు.

"బావా, అక్క క్యారేజీ పంపింది. గోంగూర పచ్చడి. చల్లారిపోతుంది, లే."

"పచ్చడి చల్లారేదేందిరా సన్నాసీ," అని నవ్వుతాడు. నవ్వితే ఆ నోట్లో పళ్లు కనపడవు, మాడిన ఆయిలు నలుపు తప్ప ఏమీ లేదు, నాకు అరవాలనిపిస్తుంది, కానీ బావ పరాచికానికి నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వుతాను.

నవ్వుతూ కిందికి చూస్తే గోనెపట్టా కింద సిమెంటు నేల లేదు, తారు రోడ్డు ఉంది, మధ్యలో తెల్ల గీత ఉంది, రెండు పక్కలా పత్తి చేలు, చిలకలూరిపేట దాటాక వచ్చే ఆ రోడ్డే, నేను పదకొండేళ్లుగా బస్సులో పోవాల్సి వస్తే కళ్లు మూసుకునే రోడ్డు. దూరంగా లారీ హారన్ వినపడుతోంది.

"పక్కకి రా బావా, నీకు దణ్ణం పెడతా." చెయ్యి పట్టుకుని లాగుతాను, ఆ చెయ్యి ఇంజను బ్లాకంత బరువుంది, కదలదు.

"చూడందే లేవనని తెలుసుగా నీకు. నా జన్మలో ఒక్కరోజే చూడకుండా లేచాను. ఏ రోజురా అది?"

"నాకు మేస్త్రిరికం ఇచ్చిన రోజు."

మా షెడ్డులో అదొక ఆనవాయితీ. శిష్యుణ్ణి మేస్త్రిని చేసే రోజు గురువు బుష్షు లోపల గీకి సాపు చేసే తన రీమరు వాడి చేతికిచ్చి, వాడు చేసిన పని ముట్టుకోడు, నోటితో అడుగుతాడంతే. ముట్టుకుంటే శిష్యుడికి అందరిలో తల తీసేసినట్టు. నాకిచ్చిన పని బావ సొంత కారే.

"ఏమడిగాను?"

"నాలుగింటికీ పుల్ల దిగిందా అన్నావు. దిగింది అన్నాను."

"దిగిందా?"

హారన్ దగ్గరికొస్తోంది, పత్తి చేలు వణుకుతున్నాయి, నేను లారీ వైపు చూడను, బావ వైపూ చూడలేను. ఆ రోజు మూడోదాంట్లో పుల్ల సగంలో ఆగిపోయింది. మేస్త్రినైన పూటే బుష్షు పీకితే తోటివాళ్లు పళ్లికిలిస్తారని సిగ్గేసి, సగమైనా ఆయిలు పోతుందిలే అని అలాగే ఇంజనులో బిగించేశాను. పదో రోజున ఈ రోడ్డు మీద ఇంజను పట్టేసి కారు ఉన్నపళాన నిలబడిపోయింది, వెనకొస్తున్న లారీ గుద్దేసింది. తర్వాత ఆ ఇంజను విప్పింది నేనే, విరిగిన మూడో రాడ్డు కాలవలో పారేసింది నేనే.

"ఆ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడురా, అద్దంలో చూశాను," అంటాడు బావ. "రెండేళ్లు జైల్లో ఉన్నాడు. మీ అక్క రోజూ సందెదీపం పెట్టి మరీ వాణ్ణి తిడుతుంటే, పక్కన కూర్చుని ఊకొడతావు."

"చెబితే అక్క నా మొహం చూడదు బావా. నాకింత ముద్ద పెట్టేది అక్కే."

"చూడకపోవచ్చు," అంటాడు. ఊరడిస్తాడనుకున్నాను, ఊరడించడు. మూడో రాడ్డూ పుల్లా నా చేతిలో పెడతాడు. "నువ్వే పెట్టి చెప్పు. నువ్వు చెప్తే లేస్తా."

పెడతాను. సగంలో ఆగుతుంది. తిప్పుతాను, నొక్కుతాను, పుల్ల వంగుతుందే గానీ పోదు, లారీ నీడ మా ఇద్దరి మీదా పడింది, హారన్ నా చెవుల్లోనే మోగుతోంది, "దిగిందా?" అని బావ మొదటిసారి అరుస్తున్నాడు, నేను నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు, మళ్లీ తెరుస్తాను, ఈసారి వస్తుంది, "దిగలేదు! దిగలేదు బావా!"

కళ్లు తెరిచాను. ఆదివారం మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. సామ్రాజ్యం అక్క చెంబుతో నీళ్లు పట్టుకుని మంచం పక్కనే నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు.

"ఏందిరా ఆ కేకలు, వీధంతా వినపడేట్టు? దిగలేదు బావా, దిగలేదు బావా అని. ఏందిరా దిగంది?"

చెంబు అందుకుని గడగడా తాగాను. ఏం లేదులే అక్కా, పీడకల, అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి ఇంకో గుక్క తాగాల్సి వచ్చింది.

"కూర్చో అక్కా," అన్నాను. "ఆ లారీ డ్రైవరు తప్పు లేదు."

అక్క కూర్చోలేదు.