నీళ్ల కింద సిలికాన్

మేస్త్రమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని పడవల షెడ్డుకి వచ్చిపోయే వాళ్లందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం అది ముక్కు దిగి షెడ్డంతా తిరిగింది.

కారణం లేకపోలేదు. పది రోజుల కింద బాగుచేసి పంపిన పడవ మళ్లీ వచ్చి దిమ్మెల మీద కూర్చుంది. ఇంజనుకి నీళ్లు లాగే గొట్టం పడవ అడుగులోంచి బయటికొచ్చే చోట, దాని చుట్టూ వేసిన సీలు ఊడిపోయింది. నది మధ్యలో, పదకొండు మంది జనంతో ఉండగా, పడవాయన తన చీలమండలు తడిసేదాకా చూసుకోలేదు. ఒడ్డుకి ఎలా తెచ్చాడో ఆయనకే తెలియాలి.

"అందులో మా ఆవిడ కూడా ఉందమ్మా," అన్నాడు పడవాయన. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆవిడకి ఈత రాదు. నా చొక్కా పట్టుకుని కూర్చుంది, అంతే."

"బాబాయ్, నేను చూస్తాను..."

"చూడటం కాదు. ఇది ఎవరి పనో తేలాలి. ఆ చెయ్యి మళ్లీ నా పడవ మీద పడకూడదు."

"పడదు. ఇది చేసినవాళ్లు ఇవాళే గేటు దాటతారు. నా మాట!" అంది మేస్త్రమ్మ.

ఆలోచించి అన్న మాట కాదు. ఆలోచించడానికేముంది? ఆ షెడ్డులో ఉన్నవి రెండు జతల చేతులు. ఒకటి ఆమెవి, రెండోది తమ్ముడివి. ఆమె చేతులు తప్పు చేయవు. ఆమె పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

తమ్ముణ్ణి ఆమె నత్త అని పిలుస్తుంది. పదిహేనేళ్లుగా పక్కనే పనిచేస్తున్నాడు. సీలు వేసే జిగురు ట్యూబుని గన్నులో పెట్టే ముందు అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు పైకి జరిపి, దాని మీది చీమతలకాయంత అక్షరాలన్నీ చదువుతాడు. నిన్న చదివిన ట్యూబే అయినా ఇవాళ మళ్లీ చదువుతాడు. ఆ చదువు చూస్తే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

ఆమె పడవ కిందికి దూరింది. సీలు అంచుని గోటితో గిల్లింది. పాల మీది మీగడలా లేచొచ్చింది. నీళ్ల కింద వేసేది పాలీయూరితేన్. అది ఆరిందంటే కత్తికి కూడా లొంగదు. ఇది సిలికాన్. కిటికీ అద్దాలకీ, స్నానాల గది గోడలకీ వేసుకునేది! పైగా పోతూ పోతూ కంటికి కనిపించని జిడ్డు వదిలిపోతుంది, ఆ జిడ్డు మీద ఇంకేదీ అంటుకోదు. ఇప్పుడు అదంతా సానపట్టి తీయాలి.

"ఒరేయ్ నత్తా!" అని ఇంతెత్తున లేచింది. "చదివి చదివి ఇదిరా నువ్వు వేసింది? పదకొండు ప్రాణాలు! ఆవిడ మునిగిపోయుంటే ఏం చదివేవాడివి అప్పుడు?"

తమ్ముడి ముఖం పాలిపోయింది. చేతిలో గుడ్డ నలిపాడు. "అక్కా, ఆ రోజు నువ్వు..."

"నోరు ముయ్యి! సంచి సర్దుకుని పో."

అతను పోట్లాడలేదు. అరలోంచి తన గోకుడు చెక్క తీసుకున్నాడు, కళ్లజోడు పెట్టె తీసుకున్నాడు. అలా నోట్లో నాలుక లేనట్టు సర్దుకుంటుంటే ఆమెకి ఇంకా మండింది. తప్పు చేసినవాడికి నోరెలా లేస్తుందిలే అనుకుంది.

టార్చి నోట కరుచుకుని మళ్లీ పడవ కిందికి దూరి గోకడం మొదలుపెట్టింది. గొట్టానికి అవతలి పక్క సీలు ఇంకా ఊడలేదు. అక్కడ వెలుగు పడగానే కత్తి ఆగింది.

సీలు వేశాక దాన్ని నునుపు చేయడంలో ఎవరి అలవాటు వాళ్లది. తమ్ముడు చెక్కపుల్లతో లాగుతాడు, అద్దంలా వస్తుంది. ఆమె చూపుడువేలు మడిచి కణుపుతో రుద్దుతుంది. ఆ కణుపు మీద పాత కుట్ల మచ్చ ఒకటుంది, అది సీలు మధ్యలో సన్నటి గీత గీస్తుంది. ఇక్కడ ఆ గీత ఉంది. నమ్మలేక వేలు మడిచి అందులో పెట్టి చూసింది. అతికినట్టు సరిపోయింది.

ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

అంతా గుర్తొచ్చింది. ఆ రోజు సామాన్లవాడు కొలత తప్పిన ఇరుసు పంపాడు. ఫోన్లో వాణ్ణి తిట్టి తిట్టి, అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు తమ్ముడి మీద పడింది. అతను కేబిన్ కిటికీ కోసం గన్ను పట్టుకుని వెళ్తున్నాడు. "ఇంతసేపా? ఇటివ్వు!" అని లాక్కుంది. "అక్కా, అది కిటికీకి..." అన్నాడు. నోరు ముయ్యమంది. రెండు నిమిషాల్లో గొట్టం చుట్టూ సీలు వేసి ముగించింది. పుల్లటి వాసన ముక్కుకి తగిలింది కూడా. సిలికాన్ వాసన ఆమెకి తెలియదా? తెలుసు. ఆ కోపంలో పట్టించుకోలేదు.

కత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క గీకు గీకితే ఆ గీత పోతుంది. తమ్ముడు ఎలాగూ మాట్లాడడు. ఎవరూ చూడలేదు.

ఆ ఆలోచన తట్టినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది. కత్తిని విసిరికొట్టి బయటికొచ్చింది. తమ్ముడు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఆగరా! ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానక్కా. లాక్కున్నప్పుడు చెప్పాను. అన్నం తినేటప్పుడు చెప్పబోయాను. పడవ దింపేటప్పుడూ చెప్పబోయాను." అతను రెండో చెప్పు వేసుకున్నాడు. "ప్రతిసారీ నోరు ముయ్యమన్నావు, మూశాను. పడవకి అడ్డం పడాల్సింది. అది నా తప్పే."

ఆమె పడవాయన వైపు తిరిగి వేలు మడిచి చూపించింది.

"బాబాయ్, ఆ చెయ్యి ఇదే."

పడవాయన ఆ కణుపుని చూశాడు. "మీరా?"

"నేనే. నా తమ్ముడు ముట్టుకోలేదు."

"గేటు దాటిస్తానన్నారు కదా," అన్నాడాయన, మెత్తబడకుండా.

ఆ మాటకి ఆమెకి రోషం పొడుచుకొచ్చింది. స్టూలు లాక్కుని, తన షెడ్డు గేటు తనే దాటి, బయట మట్టిలో వేసుకుని కూర్చుంది. సంచి చేత్తో పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణి లోపలికి పొమ్మని సైగ చేసింది.

అతను జిడ్డు తీయడానికే పొద్దు వాలింది. సానపట్టాడు, మందుతో తుడిచాడు, మళ్లీ సానపట్టాడు. తను అయితే సగం సమయంలో తేల్చేదాన్నని ఆమె పళ్లు కొరుక్కుంది. ఆ సగం సమయమే కదా పదకొండు మందిని ముంచబోయింది, అనుకుని ఇంకా గట్టిగా కొరుక్కుంది.

చివరికి అతను కొత్త ట్యూబు తీశాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. కళ్లజోడు పైకి జరిపాడు.

ఆమె నోరు తెరిచింది. అతని చెయ్యి టక్కున ఆగిపోయింది, భుజాలు ముడుచుకున్నాయి. పదిహేనేళ్లుగా అవి అలాగే ముడుచుకుంటున్నాయని ఆమె అప్పుడే చూసింది.

"పైకి చదవరా," అంది. గొంతులో కోపం తగ్గలేదు. "నాకూ వినపడాలి."

అతను చదివాడు, పేరు, రకం, నీటి మట్టానికి దిగువన వాడవచ్చన్న మాట, ఆరడానికి ఏడు రోజులన్న మాట.

"మళ్లీ చదువు," అంది మేస్త్రమ్మ.