చివరి వరస ఇళ్లు

చిత్తూరు దాటి పలమనేరు రోడ్డులో ఆ కాలనీ మొదలైన కొత్తలో ముప్పై ఎనిమిది ఇళ్లుండేవి. నీళ్లడిగితే పంచాయతీ వాళ్లు మునిసిపాలిటీ వైపు చెయ్యి చూపేవాళ్లు, మునిసిపాలిటీ వాళ్లు పంచాయతీ వైపు. తిరిగి తిరిగి చెప్పులరిగాక ఒక ఆదివారం, పెద్దమనిషి గంగాధరం ఇంటి వరండాలో అందరూ కూర్చున్నారు. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పే జయంతి లేచి నిలబడింది.

"తొమ్మిది నూర్ల ఏండ్ల కింద ఐరోపాలో గూడా ఊర్లు ఇట్లనే ఉండినాయి. ప్రభువు మంచిచెడ్డ పట్టించుకోడు, పన్ను మాత్రం వదలడు. అప్పుడు నేతగాళ్లు, అంగళ్లవాళ్లు, కమ్మరోళ్లు ఒక తావ చేరి ఒట్టు పెట్టుకున్నారు, ఒకరికి కష్టమొస్తే అందరం నిలబడాలని. దాన్నే కమ్యూన్ అన్నారు. వాళ్ల గోడ వాళ్లే కట్టుకున్నారు, వాళ్ల తగువులు వాళ్లే తీర్చుకున్నారు. మన బోరు మనం వేసుకుంటే వద్దనేదెవరు?"

"అయితే మనమూ ఒట్టేసుకుందాం మేడమ్," అంటూ ముందుగా చెయ్యి చాచింది ఎస్తేరు. చివరి వరసలో అద్దెకుండి జాకెట్లు కుట్టుకునే మనిషి. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె చేతి మీద జయంతి చెయ్యి వేసింది, ఆ పైన మిగతావాళ్లంతా వేశారు.

బోరు పడింది. పైపులకు కాలువ తవ్వేటప్పుడు జయంతి ఇంటి ముందు బండ అడ్డం వస్తే, ఎస్తేరు గడ్డపార పట్టి రెండు రోజులు పగలగొట్టింది. ఆ రెండు రోజులూ ఇద్దరూ ఒకే గిన్నెలో సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నారు. మేడమ్ కాస్తా అక్క అయింది. తర్వాత జయంతి తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడితే, ఎస్తేరు పిలవకుండానే రోజూ పొద్దున వచ్చి ముసలామెను పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి వెళ్లేది.

ఆరో ఏడు మే నెలలో బోరు అడుగంటింది. మళ్లీ అదే వరండాలో మీటింగు.

"నీళ్లు అందరికీ సాలవు," అన్నాడు గంగాధరం. "సొంతిల్లు ఉండేవాళ్లకు దినామ్మూ ఇడస్తాం. బాడిగోళ్లకు వారానికొకసారి. వాళ్లు ఇయ్యాల ఉంటారు, రేపు పోతారు. ఏమంటారప్పా?"

ఆ పాత ఐరోపా పట్టణాల సంగతిలో మిగతాది కూడా జయంతికి తెలుసు. ఒట్టు పెట్టుకున్నవాళ్లలోనే నలుగురు కలవారు సభను చేతిలో పెట్టుకున్నారు, ఇల్లూ వాకిలీ లేని కూలివాళ్లకు అందులో మాట లేకుండా పోయింది. ఆ ముక్క చెప్పాల్సిన రోజు అదే. కానీ ఇంట్లో తల్లి పక్క గుడ్డలు రోజుకు రెండుసార్లు ఉతకాలి. ఒక్కొక్క చెయ్యీ లేస్తూ ఉంటే ఆమె చెయ్యి కూడా భుజం దాకా లేచింది.

తల తిప్పేసరికి గేటు దగ్గర ఎస్తేరు నిలబడి ఉంది, మెడలో కొలతల టేపుతో. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె రాలేదు. జయంతి నిండు బిందె చంకనెత్తుకుని చివరి వరసకు నడిచింది. వాకిట్లో ఖాళీ బిందె కనిపిస్తే దాంట్లో పోయబోయింది.

"పొయ్యొద్దక్కా," అంది ఎస్తేరు లోపలినుంచి వస్తూ. "మా ఊర్లో రెడ్ల బాయికాడ మాయమ్మ ఇట్లనే కడవ కింద పెట్టుకోని కూసోనుండేది, ఎవురన్నా వచ్చి పైనుంచి పోస్తారని. పొద్దుగూకేదాకా కూసోనుండేది. నా బిడ్డలు అది సూడగూడదనే నేను టవునుకొచ్చినాను."

"నేను తప్పు చేసినాను ఎస్తేరూ. మళ్లీ మీటింగు పెట్టమంటాను..."

"నీ అగసాట్లు నాకు తెలీవా? అమ్మను నేను సూడలేదా? నీళ్లు లేవంటే అందరం తలా ఒక బిందె తగ్గించుకోనుందుము. నన్నొక మాట అడిగింటే నేనే ముందు ఒప్పుకోనుందునే." ఖాళీ బిందె ఎత్తి గడప లోపల పెట్టింది. "లెక్కలోనే లేకుండా పోయినాను గదక్కా."

వారం తిరక్కుండానే నాయుడుపేట దగ్గర ఏదో ఫ్యాక్టరీలో కుట్టుపని చూసుకుని, కుట్టుమిషనూ పిల్లలూ సామాన్లతో మినీ లారీలో వెళ్లిపోయింది. జయంతి కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిలికి తాళం.

తర్వాతి మీటింగులో అద్దెవాళ్ల నీళ్ల కోసం జయంతి పోట్లాడింది. గంగాధరం "ఆ పొద్దు నువ్వూ చెయ్యెత్తినావు గదమ్మా" అన్నాడు. జయంతి కూర్చుండిపోయింది. జులైలో వానలు పడి, అన్ని వరసలకూ నీళ్లు వదిలారు. ఆ ఇంట్లోకి వేరే వాళ్లు దిగారు.

ఒక రోజు స్టాఫ్‌రూమ్ నుంచి ఫోన్ చేసింది. ఎస్తేరు ఎత్తింది.

"బాగుండాము. పిల్లోళ్లు ఇస్కూల్లో చేరినారు. అమ్మ ఎట్లుండాది?"

"అట్లే ఉండాది. నిన్నే అడుగుతా ఉండాది, ఆ పాప రాలేదేమని."

అవతల మిషన్ల చప్పుడు. ఎస్తేరు, "ఎడం పక్కకు తిప్పేటప్పుడు వీపు కింద మెత్త పెట్టండి, లేకుంటే నొస్తాది," అని ఫోన్ పెట్టేసింది.