బాపు పేరు మీద సాక

ప్రతి శుక్రవారం చేవెళ్ల కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, టమాటా బాక్సులు తూచే కాంటా మీద నిలబడడం శ్రవణ్‌కు అలవాటు. హమాలీ కుర్మయ్య ముల్లు చూసి నలభై ఆరు అనేవాడు. వీడు మొహం వేలాడేసుకుని మొయినాబాద్‌లో కాలేజీకి షేర్ ఆటో ఎక్కేవాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు, ఇరవై ఏళ్ల ఒళ్లు, నలభై ఆరు కిలోలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కాలేజీలకే వచ్చి పిల్లల్ని ఏరుకుపోతున్న రోజులవి. తోటివాళ్లు ఉద్యోగాల గురించి కలలు కంటుంటే వీడికి బరువు మీదే ధ్యాస. కారణం ఇంట్లో ఉంది.

కనకమామిడిలో ఉన్న మూడెకరాలూ ఫామ్‌హౌస్‌కు అమ్మేశాక తండ్రి రామన్నకు పని లేకుండా పోయింది. నాగలి పట్టిన చేతులు ఊరికే ఉండలేక భార్య అంతమ్మ మీద పడ్డాయి. బెల్టు, చెప్పు, పొయ్యిలో కట్టె, ఏది దొరికితే అది. దసరా మర్నాడు శ్రవణ్ తల్లికి అడ్డం నిలబడితే, "నువ్వు నడుమ రాకు," అని రామన్న వాణ్ణి ఒంటిచేత్తో ఎత్తి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది, పక్కటెముక విరిగింది. తల్లికి పడేవి పడుతూనే ఉన్నాయి.

బీర్లు తాగితే ఒళ్లొస్తదని చెప్పింది క్లాస్‌మేట్ సన్నీ. కాలేజీ వెనక నీలగిరి చెట్ల కింద మొదటి సీసా మూత తీసి, పోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద కాస్త సాక పొయ్యమన్నాడు. కల్లు తాగే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ మాత్రం తెలుసు. కానీ శ్రవణ్ కసికొద్దీ బతికున్న తండ్రి పేరు చెప్పి పోశాడు. మిగిలింది గటగటా తాగేశాడు.

ఆ శుక్రవారం ముల్లు నలభై ఎనిమిది చూపింది. వాడి నోట్లో బీరు వాసన పసిగట్టి కుర్మయ్య బీడీ ముట్టించాడు.

"సాక ఎవరి పేరు మీద పోసినవ్?"

"మా బాపు పేరు మీద."

"గట్లనా. అయితే రామన్నకు రెండు కిలోలు తగ్గి ఉంటయ్," అని బాక్సు ఎత్తుకుని తన పని మీద తాను పోయాడు.

నిజంగానే తగ్గాయి. రామన్న ప్యాంటు జారిపోతుంటే తాడుతో బిగించుకున్నాడు. కొడుకు వారం వారం సాక పోస్తున్నాడట అనుకుని ఊరివాళ్లు కూలికి పోయేవాళ్లు పోయారు, ఓటర్ల లిస్టులో పేరు చూసుకునేవాళ్లు చూసుకున్నారు. ఉగాదికల్లా రామన్న బెల్టు ఎత్తితే ఆ విసురుకు తనే పడిపోయేవాడు. ఎన్నో ఏళ్లకు అంతమ్మ వేడన్నం కుదురుగా కూర్చుని తిన్నది.

అక్కడ ఆపితే ఎంత బాగుండేది! వీడు ఆపితేనా. ఎనభై రెండు కిలోలయ్యాడు. సీసా ముట్టుకున్నాడని ఒక జూనియర్ పళ్లు రాలగొట్టాడు. వద్దన్నందుకు సన్నీ చెయ్యి విరిచాడు. కొట్టడంలో ఉన్న రుచి వాడి చేతులకు తెలిసిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి వాకిట్లోనే సీసాలు పెట్టుకుని కూర్చున్నాడు. మంచంలో రామన్న ముప్పై నాలుగు కిలోలు. అంతమ్మ వచ్చి చేతిలో సీసా లాక్కుంది.

"ఇంక చాలు బిడ్డా. మీ బాపు పాణం తీస్తవా?"

శ్రవణ్ లేచి చెంప మీద కొట్టాడు. ఆమె తల గుమ్మానికి తగిలి చెవిలోంచి నెత్తురు కారింది. పడిపోయిన తల్లిని కాలితో తన్నాడు కూడా.

మంచంలోంచి రామన్న లేవబోయి లేవలేకపోయాడు. "దాన్ని కొట్టకురా," అన్నాడు ఏడుస్తూ.

"నువ్వు నడుమ రాకు," అన్నాడు శ్రవణ్. దసరా మర్నాడు తండ్రి తనతో అన్న మాట అదేనని వాడికి తోచనే లేదు.

అంతమ్మ గుమ్మం పట్టుకుని లేచింది. సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వాకిట్లోకి వంగి, నేల మీద ధారగా పోసింది.

"నా కొడుకు శ్రవణ్ పేరు మీద," అంది.

ఆపుదామని వాడు పిడికిలి బిగించి ఆమె వీపు మీద గుద్దాడు. ఆమె కదల్లేదు. వాడి గడియారం మణికట్టు మీంచి జారి వేళ్ల దగ్గర ఆగింది. శ్రవణ్‌కు భయం వేసింది, చిన్నప్పటిలా తల్లిని అవ్వా అని పిలిచాడు.

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే సీసాలోంచి ఒక గుక్క మింగి, సాక పొయ్యడానికి మళ్లీ వంగింది.