గొంగడి మీది కత్తి

శ్రీదేవి మంచం మీద పరిచిన సామాన్ల మధ్య ఆ కత్తి కనిపించగానే ఉమారాణి చేతిలోని మడతబట్టలు జారి కిందపడ్డాయి.

నల్లటి కత్తి. వీపు పొడుగునా రంపంలాగా పళ్లు. పిడి చివర తిప్పే మూత. గోడమీద పిల్లి దూకితే ఉలిక్కిపడే పిల్లకు కత్తితో ఏం పని? కాలేజీ బస్సులో ఎవడైనా వెంటపడుతున్నాడా? ఇంట్లో చెప్పుకోలేక తనే ఏదైనా తలపెట్టిందా?

"శ్రీదేవీ! గిదేంది?"

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు తల్లి ముఖం చూసి ఆగిపోయింది. "కత్తే అమ్మా. ఆన్‌లైన్ల తెప్పించిన."

"కత్తని కానొస్తనే ఉంది. ఎవర్ని పొడుస్తవ్?"

"పుల్లల్ని," అని పకపకా నవ్వింది శ్రీదేవి.

కాలేజీవాళ్లు వృక్షశాస్త్రం పిల్లల్ని నల్లమలకు, మన్ననూరు దగ్గరి అడవికి క్యాంపు తీసుకెళుతున్నారట. గుడారాలు వాళ్లే వేసుకోవాలి, పొయ్యి వాళ్లే రాజేసుకోవాలి. ప్రతివాళ్లూ ఒక చిన్న కత్తి తెచ్చుకోమన్నారట.

"మడిచే కత్తి వద్దన్నడు సారు. పుల్ల చెక్కుతుంటే వేళ్ల మీదికి మూసుకుంటదట. మడవంది, అరచెయ్యంత పొడుగుది సాలట."

ఉమారాణి గుండె కుదుటపడింది. కుదుటపడగానే ఆమె కళ్లు కత్తి మీదికి మళ్లాయి. వంకాయలు కొన్నా తొడిమ తిప్పి చూడకుండా సంచిలో వేయని మనిషి. పెరట్లోకి వెళ్లి కరివేపాకు చెట్టు ఎండుకొమ్మ విరిచి నాలుగు చెక్కులు చెక్కింది. పిడి కటకటమంది. మూత తిప్పి లోపలికి చూసింది. అంతా డొల్ల. కత్తి తోక గోరంత లోపలికి దిగి, ఒక్క మర మీద నిలబడి ఉంది.

"వాపస్ పంపు," అంది. "ఇనుము పిడి చివరిదాక ఉండాలె. గిది తడికట్టె మీద జోరుగ ఒత్తితే ఊడి చేతికొస్తది. గా పళ్ల మీద బొటనవేలు పెట్టి ఒత్తుతవా? తెగుతది."

"నీకెట్ల తెలుసే?"

"మంద ఎనుక పెరిగిన. మీ తాత కత్తి సూడలే నువ్వు?"

చిట్యాల అంగళ్లన్నీ తిరిగారు. కూరగాయల కత్తులు రేకులా వంగుతున్నాయి. మాంసం కత్తులు ఎత్తితే చెయ్యి గుంజుతోంది. ఆఖరికి ఆదివారం నాడు ఇద్దరూ కట్టంగూరు బస్సెక్కారు.

ఉమారాణి తండ్రి బీరన్న గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. ఒక పొట్టేలును కాళ్ల సందున ఇరికించుకుని దాని డెక్కలు చెక్కుతున్నాడు. చేతిలో అదే కత్తి, ఉమారాణి పుట్టకముందు నుంచీ ఉన్నది. అరచేతికి కొంచెం పొడుగు. తుమ్మకట్టె పిడి, రెండు చెక్కల మధ్య ఇనుము చివరిదాకా మెరుస్తూ కనిపిస్తుంది. శ్రీదేవి కళ్లు దాన్ని వదల్లేదు.

ఉమారాణి వంటింట్లోకి వెళ్లింది. తల్లి బీరమ్మ అనపకాయలు ఒలుస్తోంది.

"బేరగాళ్లు మంగళారం వస్తుండ్రు," అంది తల ఎత్తకుండానే. "మంద మొత్తం తోలుకపోతరు."

"మొత్తమా?"

"మరేం జేస్తడు? మోకాళ్లు లేస్తలేవు. మీ తమ్ముడు కంపెనీ డ్యూటీ ఇడిసి గొర్లెనుక రానంటడు. మాటైపోయినకాడి నుంచి మీ బాపు సక్కగ బువ్వ తింటలేడు."

తమ్ముడు పరశురాములుకు ఇష్టం లేదని ఉమారాణికి తెలుసు. కానీ మంద లేని బాపును ఊహించుకోబోతే మనిషి ఆనవాలే దొరకలేదు.

అంతలో శ్రీదేవి పరుగెత్తుకుంటూ వచ్చింది. తోలు ఒరలో కత్తి. "అమ్మా, తాత ఇచ్చిండు!"

"సేతికిచ్చిండా?"

"లే. కిందవెట్టిండు, నేను తీసుకున్న."

ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. కత్తి చేతి నుంచి చేతికి ఇస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ చెడుతుందని కిందపెడతారు, అవతలివాళ్లు తీసుకుంటారు. అందుకే ఉమారాణి ఇంకేమీ అడగలేదు. బయలుదేరేటప్పుడు బీరన్న మనవరాలి తలమీద చెయ్యిపెట్టి చాలాసేపు తీయలేదు. కళ్లలో నీళ్లున్నాయి. దొడ్డి దుమ్ము పడిందేమో అనుకుంది ఉమారాణి.

ఇంట్లో మళ్లీ ఎండుకొమ్మ తెచ్చి చెక్కి చూసింది. పొట్టు జిలేబీలా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. చెకుముకిరాయి మీద కత్తి వీపు గీస్తే నిప్పురవ్వలు లేచాయి. "తుప్పువట్టే ఇనుము ఇది. తడైతే ఎంబడే తుడిచి నూనె రాయాలె," అని కూతురికి చెప్పి, బాపు పెద్దమనసుకు మురిసిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం పరశురాములు ఫోన్ చేశాడు.

"అక్కా, నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"ఏమైంది తమ్మీ?"

"బేరగాళ్లు డీసీఎం బండి ఏసుకొని వచ్చిండ్రు. బాపు దొడ్డికి అడ్డంగ నిలవడ్డడు. అమ్మనన్నడు. మంద నాది కాదన్నడు. శ్రీదేవిదన్నడు!"

"శ్రీదేవిదేంది?"

"నన్నడుగుతవా? పిల్లతోని కత్తి ఎత్తించింది నువ్వు! ఊరంత నవ్వుతాంది."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఆమె మెల్లగా కూతురి వైపు తిరిగింది. "శ్రీదేవీ. తాత కత్తి ఎక్కడ పెట్టిండు?"

"కిందమ్మా. చెప్పిన గద."

"కింద అంటే? నేల మీదనా?"

"లే, లోపటికెళ్లి గొంగడి తెచ్చిండు. మంచిగ దులిపి పరిచిండు. గొంగడి మీద పెట్టిండు. నేను రెండు చేతుల తీసుకొని మొక్కిన. ఎందుకు?"

ఉమారాణికి గుర్తొచ్చింది. తన చిన్నతనంలో ఒకే ఒక్కసారి చూసింది. తాత దొడ్డి ముందు గొంగడి పరిచి ఈ కత్తినే పెట్టాడు. బాపు వంగి తీసుకున్నాడు. ఆనాటి నుంచి తాత మంద వైపు చూడలేదు. ఆ ఇంట్లో మంద చేతులు మారేది అట్లాగే. కాగితం లేదు, సాక్షి లేడు. గొంగడి మీది కత్తి తీసుకున్నవాళ్లదే మంద. క్యాంపుకు కత్తి కావాలని పోయిన తన పిల్ల, తెలియక, మందను ఎత్తుకుని వచ్చేసింది!

కత్తి తీసుకుని ఇద్దరూ మళ్లీ కట్టంగూరు చేరేసరికి బేరగాళ్లు ఊరి హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నారు. సాయంత్రం దాకా చూస్తారట. పరశురాములు దొడ్డి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. బీరన్న రాతిబండ మీద కూర్చుని ఉన్నాడు.

"బాపూ," అంది ఉమారాణి. "పిల్ల అడవి క్యాంపుకడిగింది. నీకు సమజ్ కాలే."

బీరన్న తల ఎత్తాడు. "ఎందుకు సమజ్ కాలే? పుల్లలు చెక్కుతా, మంటేస్తా అని అంత చెప్పింది గద."

ఉమారాణి నివ్వెరపోయింది. "మరి గొంగడెందుకు పరిచినవ్?"

"గిన్నేండ్లల్ల నాకు కత్తి కావాలె తాతా అని వచ్చినోళ్లు ఎవ్వరు బిడ్డా?" ముసలాయన కూతురి వైపు చూడలేకపోయాడు. "అడిగింది. నా పాణం ఆగలే. తప్పే."

పరశురాములు ముఖం తిప్పుకున్నాడు. శ్రీదేవి ఏడుపు ఆపుకుంటోంది. "తాతా, నేను సదువుకోవాలె. గొర్లను నేనెట్ల..."

"నాకెర్కనే బిడ్డా. ఏడ్వకు." ఆయన కష్టంగా లేచి, గొంగడి తెచ్చి, దులిపి, మళ్లీ పరిచాడు. "ఉమా, పెట్టు. మంద పోనియ్యి."

ఉమారాణి ఒర విప్పింది. పెట్టిందంటే ఆ సాయంత్రమే దొడ్డి ఖాళీ. పెట్టకపోతే చదువుకునే పిల్ల మెడకు మంద. వంగి కత్తిని గొంగడి మీద పెట్టింది. తన చేతులతో బాపును అమ్మేసినట్టు అనిపించింది.

పరశురాములు బేరగాళ్లకు ఫోన్ కలిపాడు. "హలో, గాలయ్యన్నా, బండి తీస్కరా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

వంటింటి నుంచి వచ్చిన బీరమ్మ, చేతులకు అంటిన అనపపొట్టు కొంగుకు తుడుచుకుని, గొంగడి ముందు కూర్చుంది. రెండు చేతులతో కత్తి తీసుకుని కళ్లకద్దుకుంది.

దొడ్డిలో ఒక గొర్రె తుమ్మింది.

"అమ్మా!" అన్నాడు పరశురాములు. "ఏం జేస్తున్నవ్?"

"కానొస్తలేదా? తీసుకున్న."

"ఆడోళ్లు తీసుకుంటరా?"

"మొన్న పిల్ల తీసుకుంటే ఆడపిల్లని యాదికి రాలేదా మీ బాపుకు?" బీరమ్మ భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, గొర్ల ఈతలన్ని ఎవలు వట్టిండ్రు? నువ్వు జరమొచ్చి పడ్డప్పుడల్ల మంద ఎవలు తోలిండ్రు? గిన్నేండ్లు నీ ఎంబడి తిరిగితి. ఒక్కనాడన్న నా ముందర గొంగడి పరిచినవా?"

ఆ ఆలోచన బీరన్నకు ఎన్నడూ రాలేదని ముఖమే చెప్పింది. ఉమారాణికి మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తనకూ రాలేదు.

"నీకు మోకాళ్ల నొప్పి. నాకు లేదు," అంది బీరమ్మ. "మందను జర తగ్గిద్దాం. మిగిలినయి నేను మేపుత. నువ్వు గీ బండ మీద కూసొని లెక్క సూడు. పరశురాములూ, ఫోన్ల ఆ మనిషి ఇంకా ఉన్నడా? రావద్దని చెప్పు."

పరశురాములు చేతిలోని ఫోన్‌లో నుంచి "హలో, హలో" అని వినబడుతూనే ఉంది.

బీరమ్మ కత్తిని ఒరలో పెట్టి మనవరాలిని పిలిచింది. గొంగడిని కాలితో తగలకుండా పక్కకు జరిగి, కత్తిని రాతిబండ మీద పెట్టి, అరచేత్తో ఆ బండను చరిచింది.

"మంచిగ సూడు శ్రీదేవీ. గిది బండ. గొంగడి గాదు. క్యాంపు గాంగనే తెచ్చియ్యాలె, మల్ల డెక్కలు చెక్కుకునేది ఉంది."

శ్రీదేవి ఒక్క చేత్తోనే తీసుకుంది, ఎందుకైనా మంచిదని.

"గట్ల నిలవడ్డవేందయ్యా?" అంది బీరమ్మ ముసలాయనతో. "గొంగడి మడిచి లోపల పెట్టు."

బీరన్న వంగి గొంగడి తీశాడు.