గిద్దలూరు రేటు

మార్కాపురం తర్లుపాడు రోడ్డులో మగ్గం వర్కు సామాను అమ్మే సంధ్యారాణికి ఎవరి మీదా ఊరికే అనుమానం రాదు. వచ్చిందా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పోదు.

ఆమె, గిద్దలూరులో అలాంటి దుకాణమే నడిపే రూబీ ఇద్దరూ ఆరేళ్లుగా కలిసి ఒకే ఆర్డరు పెడుతున్నారు. పూసలు, కుందన్లు, జరీ దారాలు అన్నీ విజయవాడ కంపెనీ నుంచే. ఇరవై పెట్టెలు తీసుకుంటేనే వాళ్లు డీలరు రేటు ఇస్తారు, తక్కువైతే ఫోను కూడా ఎత్తరు. చిన్న ఊళ్లో ఒక్కరికే ఇరవై పెట్టెలు ఎక్కడ చెల్లుతాయి? అందుకని సరుకు సంధ్యారాణి పేరున దిగేది, చెరి పది పంచుకునేవాళ్లు. రూబీ తన పెట్టెలు బస్సులో వేసుకుని పోయేది.

ఒకరోజు కొనకనమిట్ల నుంచి శివపార్వతి వచ్చింది. ఆరుగురు ఆడవాళ్లను పెట్టుకుని పెళ్లి జాకెట్లకు మగ్గం వర్కు చేయించే మనిషి. ఆమె కొంటేనే సంధ్యారాణికి దుకాణం అద్దె గడిచేది. కుందన్ల పాకెట్టు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేసింది.

"ఏందక్కా, తొంభై అంటావు? గిద్దలూరులో ఇదే పాకెట్టు డెబ్బైకి ఇస్తాండారు."

సంధ్యారాణి బిల్లు తీసి చూసుకుంది. తను కొన్నదే డెబ్బై ఎనిమిదికి! పక్కపక్క పెట్టెల్లో వచ్చిన సరుకును రూబీ డెబ్బైకి ఎలా ఇస్తుంది? చేతి డబ్బు పోగొట్టుకునేంత పిచ్చిదా? కాదు, కంపెనీతో లోపాయికారీగా ఏదో నడుపుతోంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? పోయిన నెల పెట్టెలు తీసుకుంటూ రూబీ నవ్వింది, ఎందుకు నవ్వినట్టు? టీ తాగి పోవే అంటే బస్సు పోతుందని పరుగెత్తింది, అంత తొందరేమిటి? వారం తిరిగేసరికి రూబీ దగ్గినా తుమ్మినా సాక్ష్యమే అయిపోయింది.

కంపెనీ ఏజెంటు మహేంద్ర వచ్చినప్పుడు సంధ్యారాణి నిలదీసింది. "రూబీకి వేరే రేటు ఇస్తాండావా?"

కాదని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయింది? అనలేదు, దొంగసచ్చినోడు. "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పగూడదక్కా. నువ్వొక్కదానివే ఇరవై పెట్టెలు తీసుకో, అరవై ఎనిమిదికి ఇప్పిస్తా. రూబక్కకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

చెప్పలేదు. కమ్మలు తాకట్టు పెట్టి ఇరవై పెట్టెలూ దించుకుంది. "ఈ నెల ఆర్డరు ఎప్పుడు పెడదామక్కా?" అని రూబీ రెండుసార్లు ఫోను చేస్తే, "చూద్దాంలే" అని పెట్టేసింది. నంగనాచి, ఏమీ ఎరగనట్టు ఎట్ల అడుగుతోందో చూడు అనుకుంది.

తర్వాత సంబరంగా శివపార్వతికి ఫోను చేసింది. "డెబ్బైకే ఇస్తా, రా!"

"ఇప్పుడెందుకక్కా? ఆ కంపెనీవాళ్లే ఫోన్లో అరవై ఐదుకు ఇంటికి పంపుతాండారు. మొన్న గూడా ఫోన్లో చూసే డెబ్బై అన్నా."

"మరి గిద్దలూరు అంటివే!"

"బేరానికి ఏదో ఒక ఊరి పేరు చెప్పాల గదా! చీరల కాడ పొదిలి అంటాం, నీ కాడ గిద్దలూరు అంటి. ఫోను రేటు అంటే ఆ ఫోన్లోనే కొనుక్కోపొమ్మంటావని."

సంధ్యారాణి ఫోను పెట్టేసింది. తనూ కూరగాయల దగ్గర అలాగే అంటుంది. ఏనాడైనా నిజంగా పక్క ఊరి రేటు అడిగి వచ్చిందా? రూబీకి ఫోను చేద్దామని తీసి, ఏమని చెప్పాలో తెలియక పక్కన పెట్టేసింది. అలా నెల గడిచిపోయింది.

ఒక పొద్దున రూబీయే వచ్చింది, చేతిలో రెండు సంచులతో.

"దుకాణం ఎత్తేసినానక్కా. పది పెట్టెలు ఇయ్యనని మహేంద్ర తెగేసి చెప్పినాడు. చిల్లర రేటుకు కొని ఎవరికి అమ్మేది? రూము గూడా నిన్న ఖాళీ చేసినా. మిగిలిన సరుకు ఇది, నువ్వే అమ్మిపెట్టు" అంటూ లోపలికి అడుగుపెట్టింది.

గోడ వెంబడి పైకప్పు దాకా పేర్చిన పెట్టెలు చూసి ఆగిపోయింది. వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఇరవై. ఒక్కటీ విప్పలేదు. రూబీ కళ్లు చెమ్మగిల్లాయి.

"నా పది గూడా తెప్పించి దాచినావా అక్కా? ముందే ఒక మాట చెప్పింటే దుకాణం ఇడిసేదాన్నా?"