చక్రం చల్లారేదాకా

ట్రెయిలర్ ఎడమ చక్రం నడుమనున్న హబ్ మీద వేళ్ల వెనకవైపు ఆనించి వెండెల్ మనసులో అయిదు లెక్కపెట్టాడు. వెచ్చగానే ఉంది కాని కాలడం లేదు. లేచి చుట్టూ తిరిగి కుడి చక్రం దగ్గర చతికిలబడ్డాడు. అదీ చూశాక పడవని బిగించిన పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూశాడు. మోకాళ్లు పటపటమన్నాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ముప్ఫై ఒక్కేళ్లుగా పడవలు చేరవేసే ఈ పనే. నలభై మైళ్లకోసారి ఆగకపోతే అతనికి ఊపిరాడదు.

"చక్రాలకి జ్వరం తగ్గిందా?" పికప్ కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది అతని భార్య ఆర్డిస్. "నా నుదుటి మీద ఇన్నిసార్లు చెయ్యేసి చూశావా ఎప్పుడైనా?"

"నీకు బేరింగులు లేవుగా ఆర్డీ!"

"ఉన్న ఒక్క గుండే అరిగిపోయింది. పద పద, పొద్దుపోతోంది."

పొద్దు సంగతే అతన్ని ఉదయం నుంచీ తినేస్తోంది. ఈ ముప్ఫై ఒక్కేళ్లలో అతను ఎందరివో పడవలు కొండలు దాటించాడు. చెరువు ఒడ్డున అప్పగించడం, వెంటనే వెనక్కి తిరగడం. భార్యాభర్తలిద్దరూ ఒక్కసారైనా ఏ పడవలోనూ కూర్చోలేదు. ఆర్డిస్ ఈ వేసవి దాటితే గొప్పేనని డాక్టరు పోయిన నెల చెప్పాడు. ఈ పడవ కొన్న హాల్వర్సన్‌కి ఆ మాట ఎలాగో తెలిసింది. "రేపు పొద్దున తీసుకుంటా. ఈ సాయంత్రం మీ ఆవిణ్ణి ఎక్కించుకుని ఓ చుట్టు తిరిగి రండి" అని ఉదయం ఫోన్లో అన్నాడు. చీకటి పడేలోగా పడవ దింపాల్సిన ఫ్లాట్‌హెడ్ సరస్సు చేరాలి. వెండెల్‌కి కావలసింది అంతే.

రాష్ట్రం సరిహద్దులో పడవల తనిఖీ. పడవలో పాత నీళ్లు మిగలకూడదు, అవి కారిపోయేలా అడుగు బిరడా ఊడదీసి ఉండాలి. తనిఖీ చేసే అమ్మాయి అడుగున కన్నం చూసి, "బిరడా ఏదండీ?" అంది. ఆర్డిస్ గుప్పిట విప్పి ఇత్తడి బిరడా చూపించింది.

"ఈయన చేతిలో ఉంటే పడవ మునగడం ఖాయం తల్లీ. ఓసారి ఒడ్డున పెళ్లివారంతా చూస్తుండగా ముంచాడు. అప్పట్నించీ ఏ పడవ బిరడా అయినా నా దగ్గరే."

"ఇరవై ఏళ్లయినా మర్చిపోదు" అని గొణిగాడు వెండెల్.

లుకౌట్ కనుమ ఎక్కుతుంటే మధ్యరకం పికప్ మూలగడం మొదలుపెట్టింది. దానికి ఆ పడవ బరువు కొంచెం ఎక్కువే. ఇంజిన్ వేడి ముల్లు పైకి పాకింది. జులై ఎండలో అద్దాలు దించి హీటర్ పూర్తిగా తిప్పాడు. ఇంజిన్ చల్లబడాలంటే దాని వేడిని ఇలా లోపలికి లాగడమొక్కటే మార్గం. పెద్ద లారీలు పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా ట్రెయిలర్ తోక ఊపింది. అతను ముల్లు వంక, అద్దం వంక, ఆర్డిస్ వంక మార్చి మార్చి చూశాడు. ఆమె మొహం పాలిపోయి, చెమట కారుతోంది.

"ఆపమంటావా?"

"ఆపావంటే నడుచుకుంటూ పోతా. బండి పోనీ."

కనుమ దిగాక చక్రాలు చూసుకోడానికి రెండుసార్లు ఆగాల్సిన చోట ఒక్కసారే ఆగాడు. సరస్సు ఒడ్డు చేరేసరికి కొండ మీద పొద్దు జానెడు మిగిలింది. నీళ్లు ఎర్రగా, కదలకుండా ఉన్నాయి. నీళ్లలోకి వాలిన ర్యాంపు మీదికి పికప్‌ని వెనక్కి నడిపి, దిగి, అలవాటుగా హబ్ మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది.

కాలే హబ్‌ని చల్లటి నీళ్లలో దించితే అది నీళ్లు పీల్చుకుంటుంది, బేరింగ్ పాడవుతుంది. పైగా పరాయివాళ్ల ట్రెయిలర్. అరగంట ఆగాలి.

"అరగంట, ఆర్డీ. చల్లారనీ."

"చల్లారనీలే. నీళ్లెక్కడికీ పోవు" అంది ఆమె కళ్లు మూసుకుని.

అతను కూర్చోలేకపోయాడు. పట్టీలు విప్పాడు, తాడు చుట్టాడు, హబ్ ముట్టుకున్నాడు. నీటి అంచుదాకా వెళ్లి వచ్చి మళ్లీ ముట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఆమెని పడుకోనిద్దామనుకున్నాడు.

చివరికి హబ్ చల్లబడింది. పొద్దు ఇంకా కొండ అంచునే ఉంది. "ఆర్డీ, బిరడా ఇలా ఇయ్యి!" అన్నాడు ఆనందంగా. కిటికీలోంచి చెయ్యి బయటికి రాలేదు. తలుపు తీసి ఆమె చేతి మీద వేళ్ల వెనకవైపు ఆనించి అయిదు లెక్కపెట్టాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. ఆమె ముక్కు దగ్గర వేళ్లు పెట్టాడు. ఊపిరి లేదు. పాడు చక్రం, పాడు చక్రం అనుకుంటూ అక్కడే కూలబడ్డాడు.

హాల్వర్సన్ బిరడా అడగలేదు, వేరేది కొనుక్కున్నాడు. మూడు రోజులకి ఆర్డిస్‌ని ఆ ఒడ్డునే మట్టిలో పెట్టి వెండెల్ తిరుగుదారి పట్టాడు. వెనక ట్రెయిలర్ లేదు, పడవ లేదు. నలభై మైళ్లకి బండి పక్కకి ఆపి దిగాడు. ముట్టుకుని చూడడానికి ఏమీ లేదు. చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె వైపు తలుపు తీశాడు.

సీటు గుంటలో ఇత్తడి బిరడా ఉంది, ఎండకి వెచ్చగా.